చొక్కా లోపలి పట్టీ

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. అందరూ కొలతలక్క అనేవారు. మెళ్లో టేపు ఉండేది కానీ అది అలంకారానికే. మనిషి గుమ్మంలో అడుగు పెట్టేసరికి నడుం ఎంతో, భుజం ఎంతో ఆవిడ కళ్లు లెక్క తేల్చేసేవి. ఏ భుజం జారిందో, ఏ కాలు పొట్టిదో, పొట్టని ఎంత బిగబట్టుకుని నిలబడ్డారో కూడా కనిపెట్టేసేవి. ఆ సంగతి మాత్రం ఆవిడ పైకి అనేది కాదు. జారిన భుజానికి లోపల పిసరంత దూది, పొట్టి కాలికి ప్యాంటు మడతలో ఒక చిన్న మోసం, గూని వీపుకి వెనక రెండు కుచ్చులు. వేసుకున్నవాళ్లు అద్దంలో చూసుకుని "అబ్బ, భలే కుదిరిందండీ" అని మురిసిపోతూ వెళ్లేవారు. లోపల ఏం దాచిందో వాళ్లకే తెలిసేది కాదు. లోపం కనపడనివ్వకపోవడమే ఆవిడ పనితనం. ఆ పనితనమంటే ఆవిడకి కాస్త పొగరు కూడా.

గుడ్డ కత్తిరించే పని తమ్ముడిది. అక్క కన్నా ఎనిమిదేళ్లు చిన్న. అమ్మానాన్నా పోయాక ఆవిడే పెంచింది కాబట్టి ఆవిడ కంటికి వాడెప్పుడూ పదేళ్లవాడే, దుకాణానికొచ్చే వాళ్లకి మాత్రం మాస్టరు. పెద్ద బల్ల మీద ఎనిమిది పొరల గుడ్డ పరిచి, సుద్దగీత మీద నుంచి కత్తెర ఎత్తకుండా ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లిపోయేవాడు. "అక్క కళ్లతో కొలుస్తుంది, నేను భయంతో కోస్తాను" అని వచ్చినవాళ్లని నవ్వించేవాడు. వాడి నోరు ఊరుకునేది కాదు, చెయ్యి అంతకన్నా ఊరుకునేది కాదు.

ఆ చెయ్యే పడిపోయింది. వానకి తడిసిన మలుపులో స్కూటరు జారింది. హెల్మెట్ పుణ్యమా అని తల దక్కింది. కానీ పడ్డ తీరు అలాంటిది, తల ఒక పక్కకి, కుడి భుజం ఇంకో పక్కకి లాగేసినట్టయింది. లేచి, ముందు ప్యాంటు దులుపుకుని, తర్వాత స్కూటరు ఎత్తబోతే కుడి చెయ్యి ముందుకి రాలేదు. వేళ్లు కదులుతున్నాయి. గుప్పిట బిగుస్తోంది. మోచెయ్యి మాత్రం వంగదు, భుజం లేవదు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో ఫొటో తీసి, ఎముక విరగలేదు, వాపు తగ్గితే చెయ్యి అదే వస్తుంది, కంగారు పడకండి అన్నారు. కంగారు పడకుండా రెండు నెలలు కూర్చున్నారు అక్కాతమ్ముళ్లు. చెయ్యి రాలేదు.

మూడో నెలలో పెద్దాసుపత్రికి వెళ్లారు. అక్కడ నరాలకి వేరే విభాగం ఉంది. పెద్ద డాక్టరమ్మ వాడి చొక్కా విప్పించి, సూదిమొనతో ఒక్కొక్క చోటా గుచ్చి "తెలుస్తోందా?" అని అడిగింది. ముంజేతికి బొటనవేలి పక్కన చాలా మేర ఏమీ తెలియలేదు వాడికి. ఆవిడ కాగితం తీసుకుని ఐదు గీతలు గీసింది.

"మెడ నుంచి చేతికి ఐదు నరాల వేర్లు దిగుతాయి. పైవి రెండూ దెబ్బతిన్నాయి. అందుకే మోచెయ్యి చాపగలుగుతున్నాడు, వంచలేడు. ఇవి సాగాయా, తెగాయా అన్నది ఇప్పుడే చెప్పలేం. సాగుంటే వాటంతటవే కోలుకుంటాయి. ఆరో నెల దాటకుండా మోచెయ్యి వంగడం మొదలవ్వాలి."

"మొదలవ్వకపోతే అమ్మా?" అంది కొలతలక్క.

"ఆపరేషన్. బాగున్న నరంలోంచి ఒక పోగు తీసి దీనికి అతుకుతాం. కానీ ఆలస్యమైతే అతికినా ఉపయోగం లేదు. నరం లేకుండా కండ ఎక్కువ కాలం బతకదు. చచ్చిన కండకి ఏ నరం అతికినా వినదు."

పోగు, అతుకు అన్న మాటలు కొలతలక్కకి వెంటనే బుర్రకెక్కాయి. చివికిపోయిన గుడ్డ మీద అతుకు నిలవదని ఆవిడకి ఇంకొకరు చెప్పాలా. వేళ్లు ముడిచి నెలలు లెక్కపెట్టుకుంది. దెబ్బ తగిలి ఐదున్నర నెలలయ్యేసరికి మళ్లీ రమ్మని తేదీ రాసిచ్చారు.

అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం ఆ చేతిని పట్టుకుని వంచి, చాచి, వంచి, చాచి, నూరు దాకా లెక్కపెట్టేది. కీళ్లు బిగుసుకుపోకుండా అలా చెయ్యాలని వ్యాయామాలు నేర్పే ఆయన చెప్పాడు.

"ఈసారి నువ్వు కూడా వంచావు కదూ? నాకు తెలిసిందిరా."

"ఏమో అక్కా. వంచుదామనే అనుకున్నా."

"అనుకోవడం కాదు, వంచావు."

"సరే, వంచాను."

చేతిని చూస్తే మాత్రం మోచేతి పైన దండ చిక్కిపోతోంది. ఎడమ దండకీ కుడి దండకీ చుట్టుకొలతలో రెండు అంగుళాల తేడా వచ్చేసింది. టేపు పెట్టలేదు ఆవిడ. పెట్టక్కర్లేని కళ్లాయె. అడగకుండానే అంకె చెప్పే ఆ కళ్లని మొదటిసారి తిట్టుకుంది.

చెయ్యి వేలాడకుండా ఆసుపత్రిలో ఇచ్చిన, మెడకి కట్టే గుడ్డ ఉయ్యాల వాడికి ససేమిరా ఇష్టం లేదు. "కొట్లో నేనొక అనాథ శరణాలయం బొమ్మలా కూర్చోవాలా?" అనేవాడు. కట్టుకోకపోతే చెయ్యి వేలాడుతూ తలుపులకీ, బల్ల అంచులకీ కొట్టుకునేది. ఒక రోజు, పిల్లల బడికి అరవై నిక్కర్లు అందించాల్సిన హడావిడిలో, ఎడంచేత్తో కట్టలు సర్దుతున్నాడు. కొలతలక్క మిషను మీద ఉంది. గుడ్డ మాడుతున్న వాసన వచ్చింది. "ఇస్త్రీ పెట్టె చూడరా" అంది తల ఎత్తకుండా. "చూస్తున్నా" అన్నాడు వాడు. మళ్లీ వాసన వచ్చింది, ఈసారి అది గుడ్డ వాసన కాదు. తలెత్తి చూస్తే, వాడి కుడి ముంజెయ్యి వేడి పెట్టెని ఆనుకుని ఉంది. వాడు నిక్కర్లు లెక్కపెట్టుకుంటున్నాడు, పాతిక, ఇరవయ్యారు.

ఆవిడ పెట్టిన కేకకి పక్క దుకాణం వాళ్లు కూడా వచ్చేశారు. అరచేతి మేర బొబ్బ లేచింది. వాడు దానికేసి, ఎవరిదో చేతిని చూసినట్టు చూశాడు. "నొప్పి లేదక్కా, నిజంగా" అని ఆవిడనే ఓదార్చాడు. ఆవిడకి ఆ ఓదార్పే భరించశక్యం కాలేదు.

అదే రోజు కూర్చుని ఆ పట్టీ కుట్టింది. కుట్టడం తప్ప ఆవిడ చేతిలో ఇంకేముంది గనక. బిగుతు బనీను ఒకటి తీసుకుని, వీపు మీద నుంచి ఎడమ చంక కిందకి అడ్డంగా మందపాటి గుడ్డ పట్టీ వేసింది. కుడి భుజం ముందు నుంచి రెండు వరసల ఎలాస్టిక్ దించి, చొక్కా చేతి లోపల లైనింగ్ చాటున నడిపించి, మణికట్టు దగ్గర కఫ్‌లో కలిపేసింది. పైన చొక్కా తొడిగితే లోపల ఏముందో పుట్టించినవాడు కూడా పోల్చలేడు. చెయ్యి పొట్ట దగ్గర ఒద్దికగా వంగి నిలబడింది. ఇంక దేనికీ కొట్టుకోదు.

రెండో రోజుకి వాడు ఇంకో సంగతి కనిపెట్టాడు. మోచెయ్యి చాపే బలం వాడికుంది కదా. చాపి, వదిలేస్తే, ఎలాస్టిక్ చేతిని దానంతటది పైకి తెచ్చేస్తోంది. చాపాడు, వదిలాడు. లేచింది. మళ్లీ చాపాడు, వదిలాడు.

"అక్కా, చూడు చూడు! సలాం కూడా కొడతా!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాన్నాళ్లయింది. మర్నాడు ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికొచ్చిన పోస్టాఫీసు గుమాస్తా అది చూసి "మాస్టారూ, చెయ్యి వచ్చేసిందే!" అన్నాడు. మొదటి నుంచీ కథంతా చెప్పే ఓపిక లేక వాడు "ఆఁ, వస్తోందండీ" అన్నాడు. కొలతలక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది కాబట్టి ఏమీ అనలేదు. వారం తిరక్కుండా వీధంతా మాస్టరు చెయ్యి వస్తోందని చెప్పుకుంది. ఎలాస్టిక్ కాస్త వదులైనట్టు అనిపించినప్పుడల్లా ఆవిడ విప్పి, ఒక వేలెడు బిగించి మళ్లీ కుట్టేది. ఉతికితే సాగుతుంది మరి, అనుకునేది. అది ఉతకడం వల్ల కాదనీ, చెయ్యి రోజురోజుకీ మరీ వేలాడిపోవడం వల్లనీ ఆవిడకి తెలుసు. తెలిసే, సూది ఎక్కించింది.

ఐదున్నర నెలల తేదీ వచ్చింది. బాగా చలిగా ఉన్న రోజు. ఆసుపత్రిలో బెంచీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. పెద్ద డాక్టరమ్మ సెలవులో ఉంది. ఆవిడ బదులు కుర్ర డాక్టరు ఒకాయన, పాపం, పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా తాగినట్టు లేడు, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. తమ్ముడు స్వెటరు విప్పబోతుంటే "వద్దులెండి, బయట ఇంకా నలభై మంది ఉన్నారు" అన్నాడు. "చెయ్యి చాపండి."

వాడు చాపాడు.

"ఇప్పుడు వంచండి."

వాడు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం కొలతలక్కకి ఇప్పటికీ గుర్తే. వాడు ఆవిడకేసి చూడలేదు, ఆవిడ వాడికేసి చూడలేదు. వదిలాడు. చెయ్యి చక్కగా పైకి లేచింది.

కుర్ర డాక్టరు మొహం విప్పారింది. మణికట్టు పట్టుకుని రెండు వేళ్లతో కిందికి లాగి చూశాడు. లోపల ఎలాస్టిక్ తన పని తను చేసింది. "అరే, బాగుందే! వస్తోందండీ. ఇలా అయితే ఆపరేషన్ అక్కర్లేదు. వ్యాయామం మానకండి" అంటూ రాసేశాడు. "మూడు నెలలాగి రండి."

చెప్పాలి. అయ్యా, అది చెయ్యి కాదు, నేను కుట్టిన పట్టీ, అని ఒక్క మాట. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఈలోగా తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. లేస్తూ నవ్వాడు. కొట్లో జనాన్ని నవ్వించడానికి నవ్వే నవ్వు కాదది, పదేళ్లప్పుడు బడి నుంచి పరిగెత్తుకొచ్చేవాడే, ఆ నవ్వు. డాక్టరంతటి వాడు చెప్పాడు వస్తోందని. నోటి దాకా వచ్చిన మాటని ఆవిడ మింగేసింది. పైగా, సిగ్గు లేకుండా తనూ నవ్వింది.

మెట్ల దాకా వచ్చాక మనసు ఆగలేదు. "సంచీ మర్చిపోయాను, నువ్విక్కడే ఉండు" అని వెనక్కి వెళ్లింది. గది ముందు కూర్చున్న అతను తల అడ్డంగా ఊపాడు. "మీది అయిపోయింది కదమ్మా? మళ్లీ చూపించాలంటే మళ్లీ చీటీ రాయించుకోవాలి." చీటీలు రాసే కిటికీ అప్పటికే మూసేశారు. మూసిన కిటికీ చూడగానే ఆవిడకి ఏదో బరువు దిగినట్టయింది. తను ఎంత పాడుమనిషో ఆవిడకి అప్పుడే తెలిసింది. తర్వాత చెప్పొచ్చులే అనుకుంది. సంచీ మొదట్నుంచీ భుజానికే ఉంది.

ఆ తర్వాత నాలుగు సార్లు ఫోను చేసింది. రెండు సార్లు ఎవరూ ఎత్తలేదు. మూడోసారి ఒకమ్మాయి ఎత్తి "ఇంప్రూవ్‌మెంట్ ఉందని రాసుంది కదండీ, మరి తొందరేంటి?" అంది. నాలుగోసారి ఆవిడే, అవతలి గొంతు వినపడగానే పెట్టేసింది. తమ్ముడితో చెబుదామనుకున్న రోజులు లేకపోలేదు. చేతిని వంచి చాపుతూ నలభై దాకా లెక్కపెట్టి ఆగేది. "ఏంటక్కా?" అనేవాడు. "ఏం లేదు, నలభై ఒకటి" అనేది. ఆరో నెల అలా వెళ్లిపోయింది. ఏడో నెలా వెళ్లిపోయింది. ఎనిమిదిన్నర నెలలకి రమ్మన్న తేదీని ఆసుపత్రివాళ్లే ఇంకో పదిహేను రోజులు వాయిదా వేశారు.

ఈసారి పెద్ద డాక్టరమ్మ ఉంది. చీటీ చదివి "మంచి కబురే" అంటూ వాడికేసి చూసింది. "చొక్కా తియ్యి నాయనా, చూద్దాం."

తమ్ముడు కదల్లేదు. కొలతలక్కే ముందుకొచ్చి గుండీలు విప్పింది. చొక్కా చెయ్యి లాగేసరికి లైనింగ్‌లోంచి ఎలాస్టిక్ బయటపడింది, రెండు వరసలు, నాలుగు సార్లు విప్పి కుట్టిన గుర్తులతో. పట్టీ ఊడగానే చెయ్యి జారి, తొడ మీద పడింది.

డాక్టరమ్మ ఆ పట్టీని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవరు కుట్టారిది?"

"నేనేనమ్మా."

"క్రితంసారి కూడా ఇది వేసుకునే వచ్చాడా?"

కొలతలక్క తల ఊపింది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది. డాక్టరమ్మ తిట్టలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత పక్క గదిలోకి తీసుకెళ్లింది.

అక్కడొక యంత్రం. సన్నటి సూదిని దండలోకి దించి, దానికున్న తీగని పెట్టెకి తగిలించారు. కండలో కదలికని అది చప్పుడు చేసి వినిపిస్తుందట. ముందు, చాపే కండలో పెట్టి చాపమంది. పెట్టె బరబరమని గోల చేసింది. తర్వాత ముందువైపు కండలోకి మార్చింది. "ఇప్పుడు వంచు. గట్టిగా."

వాడు పళ్లు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. పెట్టెలోంచి ఎక్కడో సన్నగా టిక్కు, టిక్కు.

"వస్తోంది!" అన్నాడు వాడు. "అక్కా, విన్నావా? వస్తోంది కదండీ డాక్టరుగారూ?"

"ఇప్పుడు వంచడం ఆపెయ్యి. ఊరికే ఉండు" అంది ఆవిడ.

వాడు ఊరికే ఉన్నాడు. పెట్టె మాత్రం టిక్కు, టిక్కు.

"అది నువ్వు చెబితే చేస్తున్నది కాదు నాయనా. నరం తెగిపోయిన కండ దానంతటది చేసే చప్పుడు. నువ్వు వంచమన్న సంగతి దానికి చేరడం లేదు." ఆవిడ సూది తీసేసింది. "ఇంకొన్నాళ్లకి ఆ చప్పుడూ ఉండదు."

"ఇప్పుడు అతకరా అమ్మా?" అంది కొలతలక్క. "నాదే తప్పు. వాణ్ణి అనకండి. ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను, ఇవాళే చెయ్యండి."

"ఇవాళ అతికినా ఆ కొత్త నరం పెరిగి కండని చేరడానికి ఇంకో ఆరు నెలలు. అప్పటికి అక్కడ కండ మిగలదమ్మా. వేరే చోట నుంచి కండ తెచ్చి పెట్టే ఆపరేషన్ ఒకటుంది. పేరు రాసుకుంటాను. దానికి ఏడాది పైనే పడుతుంది. అది చేసినా, కొంచెం వంగితే వంగుతుంది. భుజం సంగతి నేను మాటివ్వలేను." కొంచెం ఆగి, తనలో తను అనుకున్నట్టు అంది. "ఆ రోజు మావాడు చొక్కా విప్పించి ఉండాల్సింది."

బయట నడవాలో బెంచీ మీద కూర్చున్నారు. పట్టీ కొలతలక్క ఒళ్లో ఉంది. ఏం చెయ్యాలో తోచక దాన్ని చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. వచ్చేపోయేవాళ్ల మధ్యే నోరు విప్పింది.

"ఆ రోజు నేను చెప్పాల్సిందిరా. నాకు తెలుసు అది పట్టీ అని. తెలిసీ నోరు మూసుకున్నాను. మెట్ల దగ్గర్నుంచి వెనక్కి వెళ్లాను కూడా, చెబుదామని. చెప్పలేదు."

"సంచీ నీ భుజానికే ఉంది" అన్నాడు వాడు. "నేను చూశాను."

ఆవిడ వాడి మొహంలోకి చూసింది.

"నాకు మాత్రం తెలీదా అక్కా? చెయ్యి నాదే కదా. వంచమన్నప్పుడు నేను వదిలాను, అంతే. చెబుదామనే అనుకున్నా. అంతలో ఆయన బాగుందన్నాడు. నువ్వు నవ్వావు. నేను పడ్డ రోజు నుంచి నువ్వు అలా నవ్వడం చూడలేదు." ఎడంచేత్తో మొహం రుద్దుకున్నాడు. "తర్వాత నాక్కూడా అనిపించింది, ఏమో, నిజమేనేమో. డాక్టరు కదా, ఆయనకి తెలీదా అని. రోజూ నువ్వు లెక్కపెడుతూ నలభై దగ్గర ఆగేదానివి. ఇవాళ అడుగుతావు కాబోలు అనుకునేవాణ్ణి. అడిగితే చెప్పేద్దామని."

"తిట్టరా" అంది ఆవిడ. "నన్ను నోరారా తిట్టు. నీకు పుణ్యముంటుంది."

వాడు ప్రయత్నం చేసినట్టే ఉన్నాడు. నోరు తెరిచాడు. ఎవరినీ ఊరికే వదలని ఆ నోటిని మళ్లీ మూసేసుకున్నాడు. ఎదురుగా గది ముందున్న అతను తర్వాతి చీటీ వాళ్లని పిలిచాడు. మెడకి ఉయ్యాల కట్టుకున్న మనిషి ఒకడు లేచి లోపలికి వెళ్లాడు, వెనకాలే భార్య.

కొలతలక్క కళ్లు తుడుచుకుంది. ఏదో ఒకటి చెయ్యకపోతే ఊపిరి ఆడని మనిషి ఆవిడ. వాడి చేతిని ఒళ్లోకి తీసుకుంది. అది ఎటు పెడితే అటు ఉంది. ఆవిడ కళ్లు అప్పుడే వాటి పని మొదలెట్టేశాయి, భుజం ఎంత జారిందో, ఏ పక్క ఎంత ఎత్తు కావాలో. "ఇదిగో చూడు, దిగులు పడకు" అంది గబగబా. "భుజం దగ్గర కొంచెం దూది పెట్టి, ఇక్కడ నుంచి ఇంకో పట్టీ వేస్తే, ఈసారి పలచటిది..."

"వద్దక్కా" అన్నాడు వాడు. కోపంగా అనలేదు. ఎడంచేత్తో తన కుడిచేతిని ఆవిడ ఒళ్లోంచి తీసి, తన ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇంక నాకేమీ కుట్టకు."

ఆవిడ సరేనంది. బస్సు వేళయ్యేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.